దెబ్బ మింగే ఉక్కు

దిబ్బలూరు విరుపుశాల దినచర్య. రాస్తున్నది నూకరత్నం. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నాది కాదు, చేతి తొడుగులది.

ఒకటి

నా ఉద్యోగం విరగ్గొట్టడం. ఈ ఊళ్లో అందరూ ఏదో ఒకటి కట్టేవాళ్లు, అతికేవాళ్లు, పండించేవాళ్లు. నేనొక్కదాన్నే పొద్దున లేచి, ముసుగులో ఎర్రదుమ్ము దులుపుకుని, గాలి మీటరు చూసుకుని, నీళ్ల వాటా పట్టుకుని, విరుపుశాలకు వెళ్లి ఉక్కు ముక్కల్ని విరగ్గొట్టి ఇంటికి వస్తాను. నన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్లు పిల్ల ఏం చేస్తుందని అడిగితే మా అమ్మ "కొలతల ఉద్యోగం" అని చెప్పి మాట మార్చేసేది. పుట్టింది కుజుడి మీదే కాబట్టి జాతకంలో కుజదోషం ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

కొలిమి నుంచి వచ్చే ప్రతి పోతలోంచీ నాకు వేలెడంత కడ్డీలు కొన్ని వస్తాయి. ఒక్కోదానికి నడుమ చిన్న గాటు పెడతాను. పొడిమంచు కలిపిన సారా తొట్టెలో ముంచి, బయట తెల్లవారుజామున ఉండే చలికి దగ్గరగా చల్లబరుస్తాను. ఆ తొట్టె వంక చూసి నిట్టూర్చని మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. తర్వాత కడ్డీని రెండు దిమ్మలకు ఆనించి ఉయ్యాల వదులుతాను. ఉయ్యాల అంటే కొసన బరువైన సుత్తి ఉన్న లోలకం. ఈ నేల మీద ఏ వస్తువైనా బద్ధకంగా పడుతుంది కాబట్టి, భూమ్మీద నుంచి తెచ్చిన సుత్తి చాలక మన ముందువాళ్లు దానికి ఇంకా బరువు కట్టారు. సుత్తి ఒకవైపు నుంచి ఊగి వచ్చి, కడ్డీని కొట్టి, రెండోవైపు పైకి లేస్తుంది. ఎంత తక్కువ లేస్తే కడ్డీ అంత దెబ్బ మింగినట్టు. ఆ మింగిన దెబ్బ ఎంత శక్తో డయల్ మీద ముల్లు జౌల్ అంకెల్లో చూపిస్తుంది. నలభై దాటితే ఆ పోత గోడలకు పోతుంది. దాటకపోతే గరిటెలకు, మంచం కోళ్లకు.

గట్టిదనం వేరు, చేవ వేరు అని బడిపిల్లలకు నేనే చెబుతుంటాను. గాజు గట్టిదే. మేకుతో గీసినా గీత పడదు, కింద పడితే మాత్రం ఊడ్చి ఎత్తుకోవాలి. చేవ ఉన్నది వంగుతుంది, సాగుతుంది, దెబ్బంతా తనే మింగి వెనకున్న మనిషిదాకా రానివ్వదు. గోడకు కావలసింది అదే. నాకు గట్టిదనమే తప్ప చేవ లేదని మా చెల్లెలు వరహాలు అభిప్రాయం. దాని అభిప్రాయాలకు నేను ముల్లు పెట్టి కొలవను.

ఇవాళ కొత్తసాల తూర్పుగోడ ఉక్కుకు పరీక్ష. ఇప్పటిదాకా మన ఇళ్లన్నీ నేల కింద బొరియల్లోనే. కొత్తసాల ఒక్కటే నేల మీద కడుతున్నాం. కట్టే ముఠాకు మేస్త్రి మా వరహాలు. అది ఇప్పుడు నిండు గర్భిణి. పాత బొరియల్లో గాలి బరువెక్కిపోయింది, తెల్లారేసరికి పెద్దవాళ్లకే తలనొప్పి, పసివాళ్లు నిలవడం కష్టంగా ఉంది. అందుకని తన బిడ్డ కొత్తసాలలోనే పుట్టాలని పట్టుబట్టి, పొట్ట వేసుకుని మరీ పలకలు అతికిస్తోంది. కట్టినవాళ్లే మొదటి రాత్రి అందులో పడుకోవాలన్నది మన ఊరి నియమం. అంటే ఆ గోడ వెనక మొదట పడుకునేది మా వరహాలే.

పరీక్షకు ఊరి పెద్ద బంగారమ్మ వచ్చింది. బొరియలు తవ్వినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. వాళ్లమ్మ భూమ్మీద నుంచి తెచ్చుకున్న రాగిపళ్లెం లేకుండా ఆవిడ విరుపుశాల గడప తొక్కదు. ఏ ఇంటికి ఉక్కు వెళుతుందో ఆ ఇంటివాళ్ల ముందు, తొట్టెలోంచి తీసిన కడ్డీని పళ్లెంలో పెట్టి, పసుపునీళ్లు చల్లి, బొట్టు పెట్టి హారతి పాడుతుంది. అందరూ కడ్డీని వేలితో తాకి దండం పెట్టుకుంటారు. ఆ తర్వాతే నేను పట్టకారుతో దిమ్మల మీద పెడతాను.

"మనకోసం ఇరగడానికి పోతన్నాది. బొట్టెట్టకుండా ఎలగ పంపుతామే?" అంటుంది బంగారమ్మ.

నాకు ఆ మాట ఇష్టం. ఇవాళ కడ్డీలన్నీ యాభై దాటాయి. వరహాలు నా బుగ్గలు పుణికింది, కొలిమి పెద్ద దాలినాయుడు మావ మీసం దువ్వుకున్నాడు. నేను సంతకం చేశాను.

రెండు

తూర్పుగోడకు పలకలు ఎక్కించడం అయిపోయింది. ఇవాళ వరహాలు పొద్దున్నే వచ్చింది. ముసుగు కూడా తియ్యకుండా నా బల్ల మీద పలక ముక్క ఒకటి పెట్టింది.

"అప్పా, ఇది సూడు. పైనుంచి మేకు జారి తూర్పు పలక మీద పడినాది. అంతే. మూర పొడుగున పగిలిపోనాది."

"ఎంత మేకు?"

"అరిచేతిలో పడతాది. ఇక్కడ ఏదైనా మెల్లగానే కదా పడతాది, అదేటి దెబ్బ సెప్పు? నా కాలి మీద పడినా అబ్బా అనను."

ముక్కను దీపం కింద పెట్టి చూశాను. చేవ ఉన్న ఉక్కు విరిగితే విరిగిన ముఖం పీచుపీచుగా, మసకగా ఉంటుంది. దాన్ని చెరకు విరుపు అంటాం. ఇది అలా లేదు. పటికబెల్లం పగిలినట్టు గింజగింజగా మెరుస్తోంది. ఇలాంటి ముఖం ఎక్కడా వంగనూ లేదు, సాగనూ లేదు, దెబ్బ తగలగానే చేతులెత్తేసిందని అర్థం. గోడకు అటువైపు పీల్చే గాలి లేదు. ఇటువైపు నా చెల్లెలు పడుకోబోతోంది.

ముక్క పట్టుకుని కొలిమికి పరుగెత్తాను. దాలినాయుడు మావ ఉక్కు కరిగించే మూకుడు దగ్గర టీ తాగుతున్నాడు.

"ఇది నీ పోతేనా?"

"నాదే. నంబరు కనబడతన్నాది కదా."

"పటికలాగ పగిలింది. ఏం కలిపావు మావా అందులో?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అమ్మీ, నాను కలిపినది నువ్వు కొట్టి సూసినావు. యాబై దాటిందని నువ్వే సంతకం ఎట్టినావు. ఇప్పుడొచ్చి నన్నడుగుతావేటి? నీ ఉయ్యాలనడుగు."

నాకు ఒళ్లు మండింది. మండిందెందుకంటే ఆయన చెప్పింది నిజం. ఒకే ఉక్కు నా దగ్గర చెరకు, గోడ మీద పటిక. రెండింట్లో ఒకటి అబద్ధమాడుతోంది, మేకుకు అబద్ధమాడాల్సిన అవసరం లేదు.

బంగారమ్మకు చెబితే, ఒక పలక దోషంతో ఊరంతటి పని ఆపుతామా, మళ్లీ పరీక్ష చేసి చూడమంది. అది న్యాయమే. పగిలిన పలకలోంచే కడ్డీలు కోసుకున్నాను.

మూడు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను, తర్వాత ఎవరూ దీనికి రంగులు పూయకుండా.

పొద్దున అందరూ వచ్చారు. బంగారమ్మ పళ్లెంతో, దాలినాయుడు మావ మీసంతో, వరహాలు పొట్టతో. పగిలిన పలకలోంచి కోసిన కడ్డీని తొట్టెలోంచి తీశాను. పసుపు, బొట్టు, హారతి అయ్యాయి. అందరూ తాకారు. దిమ్మల మీద పెట్టి ఉయ్యాల వదిలాను. దబ్బుమంది. ముల్లు యాభై దాటి నిలబడింది. విరిగిన ముఖం శుభ్రమైన చెరకు. ఇంకోదానికీ హారతి పట్టించి కొట్టాను. అదీ అంతే.

మావ మీసం దువ్వుకున్నాడు. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. పళ్లెం కడిగించుకుని బంగారమ్మ, ఆవిడ వెనకే మిగతావాళ్లూ వెళ్లిపోయారు. వరహాలు మాత్రం కాళ్లు వాచాయని ముక్కాలిపీట మీద కూలబడింది.

"తొట్టెలో ఇంకోటి మిగిలినాదప్పా. అదీ కొట్టీసి ఇంటికెల్దాం. నాకాకలేస్తన్నాది."

పళ్లెం లేదు, హారతి లేదు. పట్టకారుతో తీసి నేరుగా దిమ్మల మీద పెట్టి వదిలేశాను.

ఈసారి దబ్బుమనలేదు. టింగుమంది. సుత్తి కడ్డీని అప్పడంలా తోసుకుంటూ పోయి రెండోవైపు దాదాపు కొసదాకా లేచింది. ముల్లు చూశాను. ఆరు.

వరహాలు పీట మీద నుంచి లేచి నిలబడింది. ఇద్దరం ముక్కలు ఎత్తి చూశాం. పటిక. నిన్న తను తెచ్చిన ముక్కకు తోబుట్టువులా ఉంది. నేను ముందు గాటు కొలిచాను. గాటులో తేడా లేదు. దిమ్మల ఎడం కొలిచాను. అందులోనూ లేదు. ఉయ్యాలను ఖాళీగా ఊపి చూశాను. ముల్లు సున్నా దగ్గరే ఉంది. అదే పలక, అదే తొట్టె, అదే నేను.

అప్పుడు నేల మీద రెండు రకాల ముక్కలు పక్కపక్కన కనిపించాయి. ఇప్పుడు విరిగినవాటి మీద తెల్లగా మంచు పేరుకుంటోంది. పొద్దున విరిగినవాటి మీద మంచు లేదు. తడి పసుపు మరకలున్నాయి. ఒకదాని మీద నుంచి పసుపుచుక్క ఒకటి కిందకి జారిన చార కూడా ఉంది.

"వరహాలూ, అంత చలిలో ఉన్న ఇనుము మీద పసుపునీళ్లు చల్లితే ఏమవుతాయి?"

"గడ్డకట్టుకుపోతాయి."

"మరి ఇది జారిందేం?"

అది నా ముఖంలోకి చూసింది. నేను దాని ముఖంలోకి చూశాను. రాగిపళ్లెం. ఈ లోకంలో రాగి అంత తొందరగా వేడి ఇచ్చే లోహాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దాని మీద పసుపునీళ్లు, హారతి మంట, ఇంటిల్లిపాది వేళ్లు. మేం కడ్డీని చలిలో ముంచి, బయటికి తీసి, ముద్దు చేసి, వెచ్చబెట్టి, ఆ తర్వాత నువ్వు చలికి తట్టుకుంటావా అని అడుగుతున్నాం. వెచ్చగా ఉన్నప్పుడు అది తట్టుకుంటానంటుంది. నిజమే చెబుతోంది పాపం. చలి ముదిరితే ఇలాంటి ఉక్కులో చేవ చచ్చిపోతుందని నేను బడిపిల్లలకు చెబుతూనే ఉన్నాను. నేల కింద బొరియల్లో ఎప్పుడూ అంత చలి ఉండదు కాబట్టి ఇన్నాళ్లూ ఈ సంగతి బయటపడలేదు.

నాకు ముందు వచ్చింది నవ్వు. తర్వాత గోడ గుర్తొచ్చింది. తూర్పుగోడ మొత్తం ఆ ఉక్కే.

నాలుగు

నడిబొరియలో ఊరంతా కూడింది. హారతి వల్ల పరీక్ష తప్పుతోందని చెప్పడానికి లేచాను. చెప్పేశాను కూడా, నా అలవాటు ప్రకారం మెత్తగా కాకుండా.

గోల గోల అయింది. మామ్మ పూజకు వంకలు పెడుతున్నానని ఒకరు, పొగరు నెత్తికెక్కిందని ఒకరు. దాలినాయుడు మావ కూడా లేచి, "నీ లెక్క తప్పి, పెద్దావిడ మీదకి తోసీడం బాగా నేదమ్మీ," అన్నాడు. ఆయన ఉక్కును కూడా నేను తిట్టినట్టే కదా.

బంగారమ్మ చెయ్యెత్తింది. అందరూ ఆగారు.

"తొట్టి ఇక్కడికి తెండి. ఉయ్యాల కాడికి అందరం పట్టం. వేడి కొలిసే తీగుంటాది కదే నీ కాడ, అదీ తే. నా పళ్లెం నా కాడుంది. నా ఎదురుగా సెయ్యి."

తెచ్చాను. కడ్డీకి తీగ కట్టి తొట్టెలో ముంచి, అందరికీ కనబడేలా అంకెల పలకను పైన వేలాడదీశాను. సున్నాకి కింద డెబ్బై ఎనిమిది. బంగారమ్మ ఎప్పట్లాగే కడ్డీని పళ్లెంలో పెట్టి, పసుపునీళ్లు చల్లి, హారతి ఎత్తుకుంది. ఆవిడ గొంతు ఈ వయసులోనూ బాగుంటుంది. జనం పాట వినలేదు, అంకెలు చూశారు. కింద అరవై. నలభై. పసుపునీళ్లు ముందు తెల్లగా గడ్డకట్టి, తర్వాత అంచుల్లో కరగడం మొదలుపెట్టాయి. ఇంటివాళ్లుగా వరహాలు, దాని పెనిమిటి వచ్చి తాకారు. కింద ఇరవై. రెండో చరణం మధ్యలో సున్నా వచ్చింది, సున్నా దాటింది.

బంగారమ్మ పాట ఆపేసింది. ఆవిడ హారతి మధ్యలో ఆపడం ఈ ఊరు ఎప్పుడూ వినలేదు.

నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఆవిడ పళ్లెం వంకే చూస్తోంది. మామ్మా అని దగ్గరకు వెళ్లబోయాను.

"ఉండవే," అంది. తర్వాత ఊరి వైపు తిరిగింది. "సంటిదాన్ని ఒళ్లో ఎట్టుకుని, ఏడినీళ్లు పోసి, నీకు సలేస్తందా అనడిగినట్టుంది మనం సేసింది. ఒళ్లో ఉన్నది సలేస్తందని ఎలగంటాది? బయట ఆ గోడని ఎవులెత్తుకుంటారు?"

కొందరు నవ్వారు. ఆవిడ కూడా కొంచెం నవ్వింది.

"ఇక నుంచి కొట్టీదాకా ఎవులూ ముట్టుకోవద్దు. నాతో సహా. ఇరిగినాక రెండు ముక్కలకీ బొట్టెడదాం. మనకోసం ఇరిగినాదని దండమెట్టాలంటే ఇరిగినాకే కదా ఎట్టాలి? ముందే తొందరపడి ఎడతన్నాం ఇన్నాళ్లూ."

అలా మన ఊరి ఆనవాయితీ మారింది. ఎవరూ ఓడిపోలేదు. నేను వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను, ఆవిడ నా నెత్తి మీద మొట్టింది.

దాలినాయుడు మావ మాత్రం తల దించుకునే లేచాడు. "ఇక్కడి మట్టిలో బాస్వరం ఎక్కువ. ఉక్కుని సలికి ఇరగ్గొట్టీది అదే. సున్నం ఇంకా వేసి దాన్ని సగం లాగీగలను. కానీ ఇంత సలికి తట్టుకోవాలంటే నికెల్ కలపాల. అది ఇక్కడ తవ్వితే దొరకదు."

"ఎక్కడ దొరుకుతాది?" అంది వరహాలు.

"బూమ్మీద."

తూర్పుగోడ పలకలన్నీ విప్పాలని తేలిపోయింది. వరహాలు పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. అది ఏడవదు, నాకు తెలుసు. ఇవాళ ఏడ్చింది.

ఐదు

దాలినాయుడు మావ రెండు చేతుల్లో ఒక రాయి పట్టుకుని విరుపుశాలకు వచ్చాడు. నల్లగా, అక్కడక్కడా వేలిముద్రలు పడ్డట్టు గుంటలతో, ఆవకాయ వాసనతో.

"మా ఇంటిది జాడీ మీద బరువెట్టుకుంది దీన్ని. అన్నం తింటా సూసేను. ముద్ద నోట్లోనే ఉండిపోనాది. ఇది ఆకాసంలోంచి పడిన రాయి కాదూ?"

ముక్క కోసి సాన పెట్టాను. లోపల వెండిలా తెల్లగా మెరిసింది. ఉల్క ఇనుము. రసాయనశాలలో చూపిస్తే ఇనుముతో పాటు నికెల్ ఉంది, మావ కలలో కూడా అడగనంత ఉంది. ఇక్కడ తుప్పు పట్టించే వాన లేదు కాబట్టి ఎన్ని యుగాల కింద పడ్డవో ఆ రాళ్లు మైదానమంతా అలాగే ఉన్నాయి. మన ముందువాళ్లు పనికి వెళ్లినప్పుడల్లా బరువుగా ముచ్చటగా ఉందని ఒకటి తెచ్చి ఇంట్లో పడేశారు. ఇన్నాళ్లూ నికెల్ మీద పచ్చళ్లు ఊరబెట్టుకున్నాం.

మావను కావలించుకున్నాను. ఆయన సిగ్గుపడి, ఆవకాయ చేతులు నా చొక్కాకి తుడిచాడు.

సాయంత్రానికి ఊరంతా రాళ్లు మోసింది. తలుపుకు అడ్డం పెట్టినవి, రోటి పక్కన పెట్టినవి, పిల్లలు బొమ్మల పెళ్లిలో పీటలుగా వేసినవి. బంగారమ్మ తన గుమ్మం ముందు కూర్చునే రాయినే దొర్లించమంది. పెళ్లైనప్పటి నుంచి పొద్దున్నే దాని మీద కూర్చుని తల దువ్వుకునేదట. కొలిమి ముందు కుప్ప చూస్తే నాకు పండగలా ఉంది.

మొదటి పోత ఇరవై రెండే వచ్చింది. మావ టోపీ నేలకేసి కొట్టాడు. నికెల్ చాలలేదు. మైదానం మీదకి ముఠాలు వెళ్లాయి, అయస్కాంతాలు కట్టిన కర్రలు పట్టుకుని, రేడియోలో ఒకరి మీద ఒకరు పాటలు కట్టుకుంటూ. రాయి దొరికినప్పుడల్లా ఎవరో ఒకరు ఈల వేసేవారు, చెవులు చిల్లులు పడేవి. రెండో పోత ముప్పై దాటింది. ఇక కలపడం కాదు, కాల్చడంలోనే ఉంది గుట్టు అన్నాడు మావ. ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ సన్నసెగ మీద ఓపిగ్గా ఉంచాడు. కొలిమి దగ్గరే పడుకున్నాడు. భోజనం పంపితే చల్లారిపోయేది.

ఆరు

ఇవాళ మూడో పోతకు పరీక్ష.

విరుపుశాల పట్టక జనం బొరియల్ని కలిపే దారి గొట్టందాకా నిలబడ్డారు. అందరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. నేను చెప్పలేదు. బంగారమ్మ కట్టుకుంది, ఆవిణ్ణి చూసి అందరూ కట్టుకున్నారు. పళ్లెం దూరంగా మేకుకు వేలాడుతోంది.

తొట్టెలోంచి కడ్డీ తీశాను. ఐదు లెక్కపెట్టేలోపే దిమ్మల మీద పెట్టి ఉయ్యాల వదిలేశాను. దాని మీద మంచు ఇంకా పొగలాడుతోంది.

దబ్బుమంది. సుత్తి దాటి వస్తుందని అందరూ అటువైపు చూశారు. రాలేదు. సుత్తి కడ్డీలో దిగి, దాన్ని వంచి, దిమ్మల మధ్య ఇరుక్కుని ఆగిపోయింది. ఉయ్యాల మొత్తం వణికింది. ముల్లు డయల్ చివరికి కొట్టుకుని నిలబడింది. అక్కడ అంకె లేదు, గీత ఒక్కటే ఉంది.

కడ్డీ విరగలేదు. ముసలి ఎద్దు నడుములా వంగింది, అంతే. గాటు దగ్గర పీచుపీచుగా చీలి, అయినా రెండు సగాలూ ఒకదాన్నొకటి వదల్లేదు.

దాలినాయుడు మావ గోడకి చేరబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. జనం అరుపులకు గాలి మీటరు కూడా అదిరింది. వరహాలు గెంతబోయింది, నలుగురం పట్టుకున్నాం.

బంగారమ్మ ముందుకు వచ్చింది. కుంకుమ వేలికి అద్దుకుని కడ్డీ దగ్గర ఆగిపోయి నన్ను చూసింది.

"ఇరిగినాకే ఎడదాం అన్నాను. ఇది ఇరగనేదు. ఇప్పుడేటి సెయ్యాలే?"

"నువ్వు పెట్టిన రూలే కదా మామ్మా."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి ఆ బొట్టు నా నుదుటన పెట్టింది. నేను దానికి సిద్ధంగా లేను. ముసుగు దించుకుని తొట్టె సర్దుతున్నట్టు నటించాను.

ఏడు

మావ కొత్త ఉక్కుతో తూర్పుగోడ మళ్లీ కట్టాం. నిన్న కొత్తసాలకు మొదటి రాత్రి. వరహాలు, దాని పెనిమిటి, ముఠావాళ్ల కుటుంబాలు లోపల పడుకున్నారు. నేనూ పడుకుంటానన్నాను.

"వద్దు. నువ్వు తెల్లార్లూ గోడలు తట్టి సూస్తావు. నన్ను నిద్రపోనివ్వవు," అని తలుపు వేసేసింది.

అందుకని నేను బయటి తొడుగు వేసుకుని పాత బొరియ ముఖద్వారం దగ్గర కిటికీలోంచి సాల వంక చూస్తూ కూర్చున్నాను. తెల్లారబోతోంది. రోజు మొత్తంలో చలి అన్నిటికన్నా ముదిరేది అప్పుడే. తూర్పు కొండ మీద నీలం వెలుగు వచ్చింది.

గని నుంచి రాతిబండి ఒకటి దిగుతోంది. బండి వేగం చూడగానే నాకు అర్థమైంది. బ్రేకులు మంచు పట్టేశాయి. తోలేవాడు పక్కకి దూకి దొర్లి లేచాడు. బండి నిండా ఖనిజం. వాలు నేరుగా కొత్తసాల తూర్పుగోడకి పోతుంది.

ఇక్కడ బయట గాలి పలచన కాబట్టి కళ్ల ముందే పిడుగు పడ్డా చెవికి అందదు. బండి గోడని గుద్దింది. నాకు వినబడలేదు. పాదాల కింద నేల ఒక్కసారి జలదరించింది, ఎర్రదుమ్ము లేచి సాలను కప్పేసింది.

రేడియోలో పిలిచాను. వరహాలూ, వరహాలూ అని అరిచాను. జవాబు లేదు. పరుగెత్తాను. ఈ నేల మీద పరుగెత్తితే కాళ్లు గాల్లోనే ఎక్కువసేపు ఉంటాయి. ఆ దూరమంతా నేను కింద ఆనలేదనే అనుకుంటున్నాను. దేవుళ్లందరినీ తిట్టాను, దండం పెట్టాను, మళ్లీ తిట్టాను.

దుమ్ము సర్దుకుంది. బండి ముక్కు నుజ్జునుజ్జయి పక్కకి ఒరిగి ఉంది. గోడ చాటంత మేర లోపలికి సొట్టపోయింది. నేను మోకాళ్ల మీద పడి ఆ సొట్ట అంచు వెంబడి దీపం పెట్టి జానెడు జానెడు చూశాను. ఎక్కడా నెర్రె లేదు. వెంట్రుకంత కూడా లేదు. రంగు పెచ్చులూడిపోయింది, కింద ఉక్కు సాగిన చారలు కనబడుతున్నాయి. నిండా ఖనిజం ఉన్న బండిని ఆ గోడ మింగేసి కూర్చుంది. నా ఉయ్యాల ముల్లు అంత దెబ్బను చూపించలేదు, నేను చచ్చేలోపు అంత ఉయ్యాల కట్టనూ లేను.

తలుపు దగ్గరకు వెళ్లి లోపలి గాలి మీటరు చూశాను. రాత్రి ఎక్కడుందో ముల్లు అక్కడే ఉంది. ఆ ముల్లును ముద్దు పెట్టుకోబోయి ముసుగు అద్దం టక్కున తగిలించుకున్నాను.

రెండు తలుపులూ దాటి లోపలికి పడ్డాను. చాపల మీద పిల్లలు లేచి కూర్చుని కళ్లు నులుముకుంటున్నారు. ఎవరో పెద్దాయన బండి తగిలిందేమో అంటున్నాడు. తూర్పుగోడ పక్కనే, ఆ సొట్ట లోపలికి ఉబ్బిన చోటికి బారెడు దూరంలో, నా చెల్లెలు పక్కకి తిరిగి, పొట్ట కింద దిండు పెట్టుకుని పడుకుని ఉంది. రేడియో దాని తల కింద ఉంది.

"వరహాలూ!"

ఒక కన్ను తెరిచింది. "ఏటప్పా? తెల్లారిపోనాదా?"

"నీకు తెలియలేదా? గోడకి... నీ పక్కనే..."

"ఎవులో తలుపు కొట్టినట్టనిపించింది. నువ్వే అయుంటావనుకుని అటు తిరిగి పడుకున్నాను." ఆవులించింది. నా ముఖం చూసింది, తర్వాత గోడ చూసింది. ఉబ్బిన చోట అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. దాని ముఖం నిండా నవ్వు పాకింది. నేను గోడకి చేరబడి కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ ఉన్నాను.

"ఇంకాసేపు పడుకోనా అప్పా?" అంది.

పడుకోమన్నాను.